బడి మారుతుంటే అవ్వ మాట్లాడాలి

శుక్రవారం ఇంటికి ఫోన్ చేస్తే బడి గొడవే వినిపిస్తోందా? 2022లో జీవో 117తో ఆంధ్రప్రదేశ్‌లో 3, 4, 5 తరగతులను కిలోమీటరు లోపున్న హైస్కూళ్ళకు మార్చారు. రోడ్డు దాటాలి, వాగు దాటాలి అంటూ తల్లిదండ్రులు చాలాచోట్ల ధర్నాకు దిగారు. 2025లో ఆ జీవో పోయి, తరగతికో టీచరుతో మోడల్ ప్రైమరీ స్కూళ్ళు వచ్చాయి. అవి ఏ ఊళ్ళో ఉండాలని మళ్ళీ తగువు. ఒకరికి దగ్గరైతే ఇంకొకరికి దూరం మరి!

మొగుడూ పెళ్ళాం ఇద్దరూ కువైట్‌లో ఉంటే బిడ్డ తరఫున అడిగేదెవరు? అవ్వకేం తెలుసులే అనుకోకండి. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం బడి కమిటీలో ముప్పావు వంతు తల్లిదండ్రులో, సంరక్షకులో ఉండాలి. సగం మంది ఆడవాళ్ళే. రోజూ బిడ్డను బడికాడ దిగబెట్టే ముసలమ్మకే ఆ దారి సంగతి ఎరుక. ఈ శుక్రవారం ఒక్క మాట అడగండి: "మీటింగుకు పోయినావా అమ్మా?"