మోకాళ్ల మీద దండీలు

సాయంత్రం అయింది. కూతురు వాకిట్లో చాప పరిచింది. మోకాళ్లు ఆనించి దండీలు తీస్తోంది. తల్లి అప్పుడే కలుపు తీసి ఇంటికి వచ్చింది.

“ఇదేం పనే? దండీలు మగపిల్లలు కదా తీసేది?” అంది తల్లి.

“బలం ఆడవాళ్లకు వద్దా అమ్మా? మన శ్రీకాకుళం జిల్లా ఆడపిల్ల కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌కు వెళ్లింది. రెండు ఎత్తుల్లో కలిపి 240 కిలోలు ఎత్తింది. కంచు పతకం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారత మహిళ ఆమే” అంది కూతురు.

“పొద్దస్తమానం చాకిరీ చేసేదాన్ని. నాకెందుకే కసరత్తు?” అంది తల్లి.

చాలామంది ఆడవాళ్లు ఈ మాటే అంటారు. ఇంటి పని, పొలం పని ఒళ్లు హూనం చేసే మాట నిజమే. కాని వాటిలో చాలావరకు వంగి చేసే పనులే. నడుము అలిసిపోతుంది. ఛాతీకి, భుజాలకు, చేతుల వెనక కండలకు అంత పని పడదు. వయసు మీదపడే కొద్దీ కండ తగ్గుతుంది. ముట్లు ఆగిపోయాక ఎముకల బలమూ తగ్గుతుంది. ముసలితనంలో నేల మీద నుంచి లేవాలన్నా ఈ బలమే కావాలి. వారానికి కనీసం రెండు రోజులు కండలకు బలమిచ్చే కసరత్తు చెయ్యాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దవాళ్లందరికీ చెప్పింది.

మోకాళ్లు ఎందుకు ఆనించాలి?

మామూలు దండీలో కాలివేళ్ల మీద నిలవాలి. ఒంటి బరువులో మూడింట రెండు వంతులు చేతుల మీద పడుతుంది. మోకాళ్లు ఆనిస్తే సగం కంటే కొంచెం ఎక్కువ పడుతుంది. 50 కిలోల మనిషికి అది సుమారు 30 కిలోలు. అంటే రెండు నిండు బిందెల బరువు. కొత్తవాళ్లకు అంత చాలు.

ఎలా చెయ్యాలి?

1. మోకాళ్ల కింద మడిచిన దుప్పటి వేసుకోవాలి. మోకాలి చిప్ప మీద కాక, దానికి కొంచెం పైన బరువు ఆనాలి.

2. అరచేతులు భుజాల కంటే కొంచెం ఎడంగా నేలకు ఆనించాలి. వేళ్లు ముందుకు ఉండాలి.

3. తల నుంచి మోకాళ్ల దాకా ఒళ్లు ఒకే వాలుగా ఉండాలి. పొట్ట బిగించాలి.

4. గాలి పీలుస్తూ మెల్లగా దిగాలి. ఛాతీ నేలకు బెత్తెడు ఎత్తు దాకా రావాలి. మోచేతులు రెక్కల్లా పక్కలకు చాపకూడదు. ఏటవాలుగా వెనక్కి ఉండాలి.

5. గాలి వదులుతూ నేలను నెట్టి పైకి లేవాలి.

తల్లి కొంగు దోపుకుంది. గబగబా పది తీసింది. “చూశావా?” అంది.

“నువ్వు తల ఊపావమ్మా. తుంటి పైనే ఉండిపోయింది” అని కూతురు నవ్వింది. తల్లి వీపు మీద ఒక కర్ర నిలువుగా పెట్టింది. కర్ర తలకు, వీపుకు, తుంటికి తగిలితే ఒళ్లు సరిగ్గా ఉన్నట్టు. తుంటి పైకి లేస్తే చేతులకు పని తగ్గుతుంది. నడుము కిందికి జారితే నొప్పి పుడుతుంది.

ఈసారి తల్లి మూడే తీసింది. చేతులు వణికాయి. కాని ఆ మూడూ సరైనవి. తప్పుగా తీసిన పది కంటే సరిగ్గా తీసిన మూడు మేలు.

మూడు కూడా రాకపోతే ముందు గోడను నెట్టాలి. తర్వాత అరుగు మీద చేతులు ఆనించి చెయ్యాలి. ఆ తర్వాత నేల మీదికి రావచ్చు.

ఎవరు జాగ్రత్తపడాలి?

గర్భిణులు, బాలింతలు, ఆపరేషన్ అయినవాళ్లు, గుండె జబ్బు, బి.పి. ఉన్నవాళ్లు ముందు డాక్టరును అడగాలి. ఛాతీలో నొప్పి వచ్చినా, కళ్లు తిరిగినా వెంటనే ఆపాలి. కండ లాగితే భయం లేదు. కీలులో పోటు వస్తే ఆపాలి.

“రేపు అయిదు తీస్తా” అంది తల్లి.

“రేపు వద్దమ్మా, ఎల్లుండి. మధ్యలో ఒకరోజు కండకు విశ్రాంతి కావాలి” అంది కూతురు.

“నాకు విశ్రాంతి కావాలని ఇన్నాళ్లకు ఒకరన్నారు” అని తల్లి నవ్వింది.