గోదురు కప్ప

తొలకరి కురిసిన రాత్రి పెరటి గోడమూల నుండి బరువుగా అడుగులిడుచు దీపపు వెలుగునకు వచ్చు జీవి గోదురు కప్ప. నీటికప్పవలె దూరము దుముకలేదు. పొడిచర్మము నిండ నల్లని కొనలుగల బొడిపెలు. ముట్టినచో పులిపిరులు పుట్టునని పెద్దలు పిల్లలను అదలింతురు, అది వట్టిమాట. పులిపిరులకు కారణము వేరొక వైరసు.

దీనికి పండ్లు లేవు. నోటి ముందుభాగమున అతికియున్న నాలుక రెప్పపాటున వెలువడి పురుగును లోనికీడ్చును. మ్రింగునపుడు కన్నులు లోనికి క్రుంగి ఆహారమును గొంతులోనికి త్రోయును. కన్నులు మూసికొని తినుట రుచిచేత గాదన్నమాట! నీరు నోట త్రాగదు. పొట్టక్రింది చర్మముతో పీల్చుకొనును.

కన్నుల వెనుక ఉబ్బియున్న రెండు గ్రంథులే దీని ఆయుధము. వానినుండి పాలవంటి విషము స్రవించును. కప్పను కరచిన కుక్క నురుగు కక్కును. విషము రక్తమున చేరినచో, గుండెకణములు సోడియమును వెలికిత్రోసి పొటాషియమును గ్రహించు పని స్తంభించి గుండె లయతప్పును. ఆసియాలో దీనితో యుగయుగములుగా బ్రదికిన కొన్ని పాములు మాత్రము దీనిని మ్రింగి అరిగించుకొనగలవు.

ఇదే కప్ప సముద్రము దాటినచోట కథ వేరైనది. మడగాస్కరు ద్వీపమున గోదురు జాతులు లేకుండెను. ఆసియా నుండి ఓడసరకుతో చేరినవని భావింపబడు ఈ కప్పలు 2014లో తూర్పుతీరపు టోమాసినా రేవు పరిసరములలో బయటపడినవి. 2018లో వెలువడిన జన్యుపరిశోధనలో, పరీక్షించిన అచటి జంతువులలో దాదాపు దేనికిని ఈ విషమును తట్టుకొను లక్షణము కానరాలేదు. ఆడుకప్ప ఒక్క విడతలో వేలకొలది గ్రుడ్లను జిగట దారములుగా నీట విడుచును. వానలు విస్తారముగా కురియు ఆ తీరమున నీటిగుంటలకు కొదువలేదు.