వార్తల్లో పదం: ఏబీబీఆర్ ట్యాగ్

రైల్వే పట్టికలో ‘ఎస్‌సీ’ కనిపిస్తే సికింద్రాబాద్ అనుకుంటాం. రిజర్వేషన్ల పట్టికలో అవే అక్షరాలు షెడ్యూల్డ్ కులాలు. కంటితో చూసేవారికి చుట్టుపక్కల గడులే అర్థం చెప్పేస్తాయి. తెర మీది రాతను చదివి వినిపించే ఎన్‌వీడీఏ, జాస్ వంటి స్క్రీన్ రీడర్లతో పనిచేసుకునే అంధులకు మాత్రం ఒక్కో గడీ విడిగా వినిపిస్తుంది. సందర్భం జారిపోతుంది.

అందుకే వెబ్ పేజీలు రాసే హెచ్‌టీఎంఎల్‌లో ‘ఏబీబీఆర్’ అనే ట్యాగ్ ఉంది. పొట్టి అక్షరాలను దాని మధ్య ఉంచి, ‘టైటిల్’ అనే లక్షణం (యాట్రిబ్యూట్)లో పూర్తి పేరు రాస్తారు. మౌస్ ఆనిస్తే ఆ పేరు బయటపడుతుంది. చిక్కంతా ఇక్కడే. చాలా స్క్రీన్ రీడర్లు మామూలు సెట్టింగుల్లో టైటిల్‌ను చదవవు. మౌస్ లేని ఫోన్‌లో చూపున్నవారికీ అది కనిపించదు. ఎవరి కోసం పెట్టారో వారికే అందని సదుపాయమన్నమాట!

పట్టికలో శీర్షిక గడికి ఇదే పేరుతో మరో లక్షణం ఉంది. దాని పని తలకిందులు. ‘విజయవాడ జంక్షన్‌కు చేరే సమయం’ అన్న శీర్షికను ప్రతి గడికీ ముందు వినాలంటే విసుగే. అక్కడ ‘రాక’ అని పొట్టిగా ఇస్తే, ఆ లక్షణాన్ని గుర్తించే రీడర్ అంతవరకే పలుకుతుంది.

సంక్షిప్తాలకు పూర్తి రూపం తెలుసుకునే మార్గం ఉండాలని వెబ్ అందుబాటు మార్గదర్శకాల్లోని 3.1.4 నిబంధన చెబుతోంది. కానీ అది అన్నిటికన్నా పైదైన ‘ఏఏఏ’ స్థాయిది. చట్టాలు సాధారణంగా ‘ఏఏ’ దగ్గరే ఆగిపోతాయి. పట్టికలు తయారుచేసేవారికి ఒక్క మాట: ట్యాగ్ ఒక్కదాన్నే నమ్ముకోకుండా, పూర్తి పేర్లను పట్టిక పైనే అందరికీ కనిపించేలా రాయండి.