మధుమేహ బాలలకు ఫోను కావలి

మధుమేహము పెద్దలకు మాత్రమే వచ్చు వ్యాధియని చాలమంది తలంతురు. బాలలలో తరచుగా కనిపించునది వేరొక జాతిది. దానిని మొదటి రకము మధుమేహమందురు. శరీర రక్షణవ్యవస్థయే క్లోమములోని బీటా కణములను నాశనము చేయుటచే ఇన్సులిన్ ఉత్పత్తి దాదాపు నిలిచిపోవును. తీపి తినుటవలన ఇది రాదు. 1922 జనవరిలో టొరంటో నగరమున 14 ఏండ్ల లెనార్డ్ థాంప్సన్‌కు తొలిసారి ఇన్సులిన్ ఎక్కించువరకు, ఈ వ్యాధి వచ్చిన బిడ్డ బ్రతుకుటయే అరుదు.

ఇన్సులిన్ ప్రాణము నిలిపినది గాని, దాని మోతాదు కత్తిమీద సాము. తక్కువైన చక్కెర పెరుగును; ఎక్కువైన పడిపోవును. డెసిలీటరు రక్తములో గ్లూకోజు 70 మిల్లీగ్రాములకు దిగినచో చెమటలు, వణకు, తికమక కలుగును. ఇంకను దిగినచో మూర్ఛ రావచ్చును. ఆటలు, ఆలస్యమైన భోజనము, జ్వరము అన్నియు లెక్కను తారుమారు చేయును. నిద్రించు బిడ్డ తన బాధను చెప్పలేదు గదా! రోజుకు నాలుగైదు మారులు వ్రేలికి సూదిగ్రుచ్చి చూచుట, సినిమాలో నాలుగైదు బొమ్మలు చూచి కథ నూహించుటవంటిది.

ఇప్పుడు చేతికి అంటించుకొను చిన్న సెన్సరులు కలవు. వెండ్రుకవంటి తంతువు చర్మముక్రింద నుండును. దానిపై పూసిన గ్లూకోజ్ ఆక్సిడేజ్ అను ఎంజైము గ్లూకోజుతో చర్య జరుపగా స్వల్ప విద్యుత్ప్రవాహము పుట్టును. దానిని కొలిచి, 5 నిమిషములకొకసారి, అనగా రోజుకు 288 మారులు, అంకెను ఫోనుకు పంపు సెన్సరులున్నవి. ఫోనులోని యాప్ ఆ అంకెలను గీతగా గీసి, ప్రక్కన బాణము చూపును. అంకెకన్న బాణమే ముఖ్యము. 110 వద్ద బాణము అడ్డముగా నున్న బాలుడు నిశ్చింతగా ఆడుకొనవచ్చును. అదే 110 వద్ద బాణము నిటారుగా క్రిందికి చూచుచున్నచో, అరగంటలోనే ప్రమాదము రావచ్చును.

మొదట ఈ అంకెలు సెన్సరుతో వచ్చు చిన్న పెట్టెలో మాత్రమే కనబడెడివి. న్యూయార్క్ రాష్ట్రమునకు చెందిన జాన్ కాస్టిక్ అను ఇంజనీరు కుమారునికి నాలుగేండ్ల వయసున, 2012లో ఈ వ్యాధి బయటపడినది. బిడ్డ బడిలో, తాను కార్యాలయములో. 2013లో ఆయన ఆ పెట్టెలోని అంకెలను ఇంటర్నెట్టునకు పంపు ప్రోగ్రాము వ్రాసెను. ఇతర తల్లిదండ్రులు దానిని పెంపొందింపగా నైట్‌స్కౌట్ అను ఉచిత సాధనమేర్పడెను. తరువాత తయారీదార్లును ఇట్టి సౌకర్యము కల్పించిరి.

అయినను యాప్ సర్వజ్ఞుడు కాదు. సెన్సరు కొలుచునది రక్తమును గాదు, కణజాల ద్రవమును. అందుచే అంకె కొన్ని నిమిషములు వెనుకబడును. చక్కెర వేగముగా పడునపుడు నిజస్థితి తెరపై కనబడుదానికన్న అధ్వాన్నముగా నుండవచ్చును. సెన్సరుమీద ఒత్తిగిలి పండుకొన్నచో, లేని లోటును చూపి గంట మ్రోగును. మాటిమాటికి మ్రోగు గంటను ఇంటివారు పెడచెవిని పెట్టుటయు కలదు. లక్షణములు, అంకె పొసగనపుడు వ్రేలిరక్తమే ప్రమాణము. సెన్సరును 10, 14 రోజులకొకసారి మార్చవలసియుండుటచే ఖర్చు మన దేశమున చాల కుటుంబములకు భారమే.

పెక్కు పాఠశాలలలో ఫోను నిషిద్ధము. కాని ఈ బాలుని ఫోను ఆటవస్తువు కాదని ఉపాధ్యాయు లెరుగవలెను. పరీక్షలకు వచ్చు మధుమేహ విద్యార్థులు చక్కెర బిళ్ళలు, పండ్లవంటివి లోనికి తెచ్చుకొనుటకు కేంద్ర మాధ్యమిక విద్యామండలి 2017లో అనుమతించినది. గంట మ్రోగినపుడు పెద్దపిల్లలకు సుమారు 15 గ్రాముల చక్కెర, అనగా మూడునాలుగు చిన్నచెంచాలు, నీటిలో కలిపి త్రాగించి, 15 నిమిషముల పిదప మరల చూడవలెను. చాక్లెట్టులోని క్రొవ్వు చక్కెరను ఆలస్యము చేయును గనుక అది తగదు. స్పృహ తప్పిన బిడ్డ నోటిలో మాత్రము ఏమియు పోయరాదు. ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టి, వెంటనే 108కి ఫోను చేయవలెను.