మన వాక్యం ఆ ఆదివారం ఎందుకు రాలేదు?

ఈ పేజీలలో మీరు రేడియో సందేశములను చదువుతూ ఉన్నారు. ఈసారి సందేశము కాదు. ఆ సందేశము మీ రేడియో వరకు ఏ దారిన వస్తుందో, ఒక్కోసారి దారిలోనే ఎలా తప్పిపోతుందో చెప్పాలనుకుంటున్నాను.

దీనికి కారణం ఒక తల్లి అడిగిన ప్రశ్న. కొన్నేళ్ల క్రితం, ఏప్రిల్ మొదటి వారంలో, మన్సూరాబాద్‌లో ఒక ఇంట ప్రార్థన కూడిక ముగించుకొని టీ తాగుతున్నాం. నల్లగొండ జిల్లాలోని ఊరు విడిచి కొడుకు దగ్గరకు వచ్చిన ఆ తల్లి, ఇల్లు మారినా ట్రాన్సిస్టరును మాత్రం వెంట తెచ్చుకుంది. "అయ్యగారూ, మొన్న ఆదివారం మన వాక్యం రాలే. నాకు తెల్వని భాషేదో వచ్చింది. బంద్ చేసిన్రా?" అని అడిగింది. వాతావరణం బాగా లేక అలా అయి ఉంటుందమ్మా అన్నాను. విచారించకుండా చెప్పిన జవాబు అది, తప్పు జవాబు కూడా.

తర్వాత కనుక్కుంటే తెలిసింది: కార్యక్రమము ప్రసారమైంది, కానీ గంట ముందు. ఆ సంస్థ పేరు ఇక్కడ అవసరం లేదు. వారు కొత్తగా ఒక ప్రసార నిర్వహణ వ్యవస్థకు, అంటే బ్రాడ్‌కాస్ట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్‌కు మారారు.

పేరు పెద్దదే గాని, పని మన సంఘ కార్యదర్శి పనిలాంటిదే. ఏ ఆదివారం వాక్యం ఎవరిది, పాట ఎవరిది, ఎంతసేపు, అనుకున్నట్టు జరిగిందా లేదా అని రిజిస్టరులో రాయడం. రేడియోలో ఇదివరకు దీనికి నాలుగు పుస్తకాలుండేవి. టేపుల రిజిస్టరు ఒకటి, గోడ మీద వారపు చార్టు ఒకటి, అనౌన్సరు చేతిలో క్యూ షీటు, చివరికి ఏది ఎప్పుడు ప్రసారమైందో రాసే లాగ్ బుక్కు. కొత్త వ్యవస్థ ఈ నాలుగింటినీ కలిపి ఒకే కంప్యూటరులో పెడుతుంది. వేళకు ఫైలును తానే వినిపిస్తుంది, లాగ్ కూడా తానే రాసుకుంటుంది. అద్దె సమయానికి బిల్లు ఆ లాగ్‌ను బట్టే వస్తుంది.

మరి గంట తేడా ఎలా వచ్చింది? షార్ట్‌వేవ్ ప్రసారాలు ప్రపంచమంతటా యు.టి.సి. అనే ఒకే కాలమానాన్ని పాటిస్తాయి. మన గడియారం దానికి 5 గంటల 30 నిమిషాలు ముందు ఉంటుంది. మన రాత్రి 7.15 వారి లెక్కలో 13.45. యూరపులో మార్చి చివరి ఆదివారం గడియారాలను గంట ముందుకు తిప్పుతారు, అక్టోబరు చివరి ఆదివారం వెనక్కు తిప్పుతారు. మనకు ఆ అలవాటు లేదు. కొత్త వ్యవస్థలో తెలుగు కార్యక్రమము వేళను యు.టి.సి.లో కాక, యూరపులోని ఒక కార్యాలయపు గడియారం ప్రకారం ఎక్కించారు. జనవరిలో, ఫిబ్రవరిలో పరీక్షించినప్పుడు అంతా సరిగానే ఉంది. మార్చి చివరి ఆదివారం అక్కడ గడియారం తిరిగింది. మన సందేశము 6.15కే వెళ్లిపోయింది. 7.15కు ఆ తల్లికి వినిపించింది మరొకరి భాష.

ఇంత జాగ్రత్త పడవలసిన అవసరం మన తెలుగు క్రైస్తవ రేడియోకు ఎప్పుడు వచ్చిందో తెలియాలంటే ఫీబా రేడియో చరిత్ర చూడాలి. ఫీబా 1970లో హిందూ మహాసముద్రంలోని సీషెల్స్ దీవుల నుండి ప్రసారాలు మొదలుపెట్టింది. మాహే దీవి తీరాన పగడపు దిబ్బ మీద, సముద్రపు నీళ్ల మధ్యనే, ఏరియల్ స్తంభాలు నిలబెట్టారు. చుట్టూ ఉన్న ఉప్పునీరు తరంగాలను దూరం పంపడానికి బాగా తోడ్పడుతుంది. అక్కడి నుండి మన దేశపు భాషలు ఎన్నో వినిపించేవి, వాటిలో తెలుగు ఒకటి. 2003లో ఫీబా సీషెల్స్ నుండి షార్ట్‌వేవ్ ప్రసారాలు ఆపివేసింది. ఇతర దేశాల్లోని ట్రాన్స్‌మిటర్ల మీద సమయాన్ని అద్దెకు తీసుకునే పద్ధతికి, స్థానిక స్టేషన్లతో కలిసి పనిచేసే పద్ధతికి మారింది. మన కేథలిక్ సహోదరుల రేడియో వెరితాస్ ఆసియా కూడా ఫిలిప్పీన్స్ నుండి చేసిన షార్ట్‌వేవ్ ప్రసారాలను 2018లో మాని ఇంటర్నెట్‌కు వచ్చింది.

సొంత ట్రాన్స్‌మిటరు ఉన్నప్పుడు పొరపాటు జరిగితే పక్క గదిలోని మనిషి తలుపు తట్టేవాడు. అద్దె ట్రాన్స్‌మిటరు దగ్గర మన భాష తెలిసినవారు ఎవరూ ఉండరు. అక్కడి యంత్రం చూసేది ఫైలు పేరును మాత్రమే. భాష, తేదీ, వేళ సూచించే ఆ అక్షరాల్లో, అంకెల్లో ఒక్కటి తప్పినా నిశ్శబ్దమో, పోయిన వారపు సందేశమో వెళ్లిపోతుంది. అందుకే ఇటువంటి వ్యవస్థ లేకుండా అద్దె పద్ధతి నడవదు. నేను దానికి వ్యతిరేకిని కాను. మారే తీరు గురించే నా బాధ.

మన భాషకు ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. మన క్రైస్తవ పత్రికలు, కరపత్రాలు ఏళ్ల తరబడి డి.టి.పి. ఫాంట్లలో కంపోజ్ అయ్యాయి. ఆ ఫాంట్లలో తెర మీద తెలుగు అక్షరం కనిపించినా, కంప్యూటరు లోపల దాచుకున్నది ఇంగ్లీషు అక్షరాలకు, గుర్తులకు ఇచ్చిన సంఖ్యలనే. ఫాంటు తీసేస్తే తెలుగు మాయం. యూనికోడ్‌లో 1991 నుండే తెలుగుకు చోటుంది గాని, మన డి.టి.పి. సెంటర్ల వరకు అది రావడానికి చాలా కాలం పట్టింది. ఇలా నిల్వ చేసిన సందేశాల శీర్షికలను కొత్త వ్యవస్థలోకి ఎక్కిస్తే వచ్చేవి పిచ్చి గీతలు. వాటిని తిరిగి తెలుగులోకి మార్చే ప్రోగ్రాములు ఉన్నాయి, కానీ ఒత్తుల దగ్గర తప్పుతాయి. మనిషి కూర్చొని దిద్దవలసిందే.

పేర్ల సంగతి మరీ విచిత్రం. ఒకే దైవసేవకుని పేరు ఒక చోట "రెవ." అని, ఒక చోట "పాస్టర్" అని, ఒక చోట ఇంటిపేరు పూర్తిగా, మరొక చోట పొడి అక్షరంగా రాసి ఉంటుంది. మనకు ఆయన ఒక్కరే. కంప్యూటరుకు నలుగురు.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టింది టేపు చివరి అర నిమిషం. పదిహేను నిమిషాల కార్యక్రమములో సందేశము పద్నాలుగున్నర నిమిషాలైతే, మిగిలిన కాస్తలో చిరునామా, ఫోను నంబరు చెబుతారు. పాత టేపులన్నిటినీ ఫైళ్లుగా మార్చి కొత్త వ్యవస్థలో పెట్టినప్పుడు, మూసివేసిన పోస్టు బాక్సులు, మన హైదరాబాదు నంబర్లు ఎనిమిది అంకెలకు మారకముందు నాటి ఏడంకెల నంబర్లు వాటితోపాటే వచ్చేస్తాయి. సందేశము విని కన్నీటితో ప్రార్థన మనవి రాసిన వ్యక్తి ఉత్తరం ఎవరికీ చేరదు. జవాబు రాకపోతే ఆ వ్యక్తి ఏమనుకుంటాడు? దీనిని ఏ లాగ్ పట్టుకోలేదు. ప్రసారం సక్రమంగా జరిగిందనే అందులో ఉంటుంది.

నాకు తెలిసిన ఒక స్టూడియోలో చాలా ఏళ్లు టేపుల గది చూసిన అక్కగారు ఉండేవారు. పెట్టెల మీద ఆమె పెన్సిలుతో రాసినవి ఉండేవి: "12వ నిమిషంలో కరెంటు పోయింది, రెండో కాపీ వాడండి", "క్రిస్మస్‌కు మాత్రమే", "చిరునామా పాతది". కొత్త వ్యవస్థలో ఆ పెన్సిలు రాతకు గడి లేదు. పెట్టెలను పారవేయబోతుంటే ఆమె అడ్డుపడ్డారు. "రిమార్కులు" అని ఒక గడి పెట్టించి, వారాల తరబడి కూర్చొని ఎక్కించారు.

డబ్బున్న సంస్థలకైనా ఇది సులువు కాదు. బి.బి.సి. టేపుల అవసరం లేకుండా అంతా కంప్యూటరులోనే నడిపించాలని 2008లో ఒక పెద్ద పథకం మొదలుపెట్టి, దాదాపు 9.8 కోట్ల పౌండ్లు పోయాక 2013 మే నెలలో ఆపివేసింది. ఆ ఏడాది ఏప్రిల్‌లో మార్గరెట్ థాచర్ మరణించినప్పుడు పాత దృశ్యాల టేపులను లండన్‌లో టాక్సీలలో మోసుకెళ్లవలసి వచ్చిందని పత్రికలు రాశాయి.

ఎజ్రా గ్రంథము 8వ అధ్యాయములో బబులోను నుండి యెరూషలేముకు ఉపకరణములను తరలించిన వృత్తాంతం ఉంది. సెమినరీలో చదివే రోజుల్లో ఆ వచనాలను వట్టి లెక్కల పట్టికగా దాటేసేవాడిని. బయలుదేరకముందు తూచి యాజకులకు అప్పగించారు. చేరాక నాలుగవ దినమున మళ్లీ తూచారు. లెక్క, బరువు రాసిపెట్టారు. బంగారు గిన్నెలు ఇరవై అనే కాదు, ఇత్తడి పాత్రలు రెండని కూడా ఉంది. ఒక ప్రసార సంస్థ పాత రిజిస్టరులో ఎన్ని టేపులున్నాయో, కొత్తదాంట్లో ఎన్ని చేరాయో సరిపోల్చడం అచ్చం ఇదే పని. సంఖ్య సరిపోతే చాలదు, ప్రతి ఫైలు మొదలు, చివర చెవితో వినాలి.

పాతది, కొత్తది పక్కపక్కన కొంతకాలం నడపాలని అందరూ ఒప్పుకుంటారు. ఖర్చు, రెట్టింపు పని చూసి నాలుగు వారాలకే ముగిస్తారు. నా అభిప్రాయం ఏమంటే మార్చి ఆదివారం, అక్టోబరు ఆదివారం రెండూ దాటేవరకు పాత చార్టును గోడ మీది నుండి తీయకూడదు. ప్రతి ప్రాంతంలో ఇద్దరు ముగ్గురు శ్రోతలను ముందే అడిగి ఉంచాలి. తేదీ, వేళ, ఏ మీటరు, ఏమి వినిపించింది అని కార్డు ముక్క మీద రాసి పంపినా చాలు. ఆ గంట తేడాను చివరికి పట్టుకున్నది అలా వచ్చిన ఫిర్యాదులే.

మరుసటి నెల ఆ తల్లి ఇంటికి వెళ్లి, నా జవాబు తప్పని ఒప్పుకొని, జరిగిందంతా వివరించాను. ఆమె కాసేపు ఆలోచించి, "ఆరుంబావుకు వచ్చిందా? ఆ యాళకు నేను పొయ్యి కాడుంటా గద అయ్యగారూ. జర ముందుగాల చెప్తే రేడియో వంటింట్ల పెట్టుకుందును" అంది.