టిప్పు ఎవరి జీతం? కెనడాలో కనీస వేతనపు లెక్కలు

కెనడా రాజధాని ఒట్టావా ఒంటారియో రాష్ట్రంలో ఉంది. నది మీది వంతెన దాటితే క్వెబెక్‌ రాష్ట్రంలోని గాటినో నగరం. 2025 చివరి నాటి లెక్క ప్రకారం ఒట్టావా రెస్టారెంటులో వడ్డించే మనిషికి గంటకు 17.60 డాలర్లకు తక్కువ ఇవ్వకూడదు. గాటినోలో అదే పనికి 12.90 డాలర్లు ఇస్తే చట్టానికి సరిపోతుంది. దేశం ఒకటే, పని ఒకటే, గంటకు 4.70 డాలర్ల తేడా.

ఈ తేడాకు మూలం 1867 నాటి రాజ్యాంగంలో ఉంది. ఆస్తి హక్కులు, పౌర హక్కులు రాష్ట్రాల పరిధిలోకి వస్తాయని అందులో ఉంది. పనివారికీ యజమానికీ మధ్య ఉండే ఒప్పందాలు కూడా ఆ కోవలోనివేనని 1925లో లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్‌ స్నైడర్‌ కేసులో తీర్పు చెప్పింది. అందువల్ల కేంద్రం నిర్ణయించే కనీస వేతనం బ్యాంకులు, విమానయానం, టెలిఫోను సంస్థలు, రాష్ట్రాలు దాటి నడిచే రైళ్ళు వంటి రంగాలకే పరిమితం. 2021 డిసెంబరు 29న 15 డాలర్లతో మొదలైన ఆ రేటు ధరల సూచీని అనుసరించి ఏటా ఏప్రిల్‌లో మారుతుంది. 2025లో అది 17.75. రాష్ట్రపు రేటు అంతకన్నా ఎక్కువైతే ఎక్కువదే చెల్లుతుంది. హోటళ్ళు, దుకాణాలు, పెట్రోలు బంకులు మాత్రం రాష్ట్రాల చేతిలోనివే.

మనదేశంలో 1948 నాటి కనీస వేతనాల చట్టం కింద రాష్ట్ర ప్రభుత్వాలు వృత్తివారీగా రేట్లు ప్రకటించేవి. కెనడాలో రాష్ట్రమంతటికీ సాధారణంగా ఒకే రేటు, దానికి కొన్ని మినహాయింపులు. సరుకులన్నీ ఖరీదైన ఉత్తరాది నునావుట్‌లో 2025 చివరి నాటికి అది 19.75 డాలర్లు. అల్బర్టాలో 2018 అక్టోబరులో 15 డాలర్లకు చేరి అక్కడే ఆగిపోయింది. పైగా అక్కడ 18 ఏళ్ళలోపు విద్యార్థులకు, బడి నడిచే రోజుల్లో, వారానికి మొదటి 28 గంటలకు 13 డాలర్లిస్తే చాలు.

టిప్పు మీద ఆధారపడేవారిది మరో మినహాయింపు. మద్యం వడ్డించేవారికి తక్కువ రేటు ఉండే పద్ధతిని అల్బర్టా 2016లో, బ్రిటిష్‌ కొలంబియా 2021లో, ఒంటారియో 2022 జనవరి 1న రద్దు చేశాయి. టిప్పు అనేది గిరాకీ మెచ్చి ఇచ్చేది. దాన్ని చూపించి యజమాని తన బాకీ తగ్గించుకోకూడదన్నది ఈ మార్పు వెనక ఉన్న వాదన. నేడు టిప్పులకు వేరే రేటు నిలుపుకున్న రాష్ట్రం క్వెబెక్‌ ఒక్కటే. అక్కడ 2025 చివరి నాటికి మామూలు రేటు 16.10 డాలర్లు. కౌంటరు దగ్గర డబ్బు కట్టి తీసుకునే చోట పనిచేసేవారికి ఆ మామూలు రేటే ఇవ్వాలి. అమెరికాలో టిప్పు పనివారికి కేంద్ర చట్టం నిర్ణయించిన 2.13 డాలర్లు 1991 నుంచి కదలలేదన్నది గుర్తుంచుకుంటే, క్వెబెక్‌ రేటు అంత కఠినంగా తోచదు.

ఇంతవరకు చూస్తే ఒంటారియో న్యాయం, క్వెబెక్‌ అన్యాయం అనిపిస్తుంది. పనిచేసే చేయి విరిగినప్పుడో, నడుము పట్టేసినప్పుడో లెక్క తిరగబడుతుంది.

క్వెబెక్‌లో పనివారు తమ టిప్పులను యజమానికి రాసివ్వాలి. అది అమ్మకాలలో 8 శాతానికి తగ్గితే మిగతాది యజమానే లెక్కగట్టి కలుపుతాడు. అలా టిప్పు జీతపు పద్దులోకి చేరుతుంది. పింఛనుకూ ఉద్యోగ బీమాకూ దాని మీద కోత పడుతుంది. తక్కిన రాష్ట్రాలలో టిప్పులు రెండు రకాలు. యజమాని బిల్లులో తప్పనిసరిగా చేర్చినవీ, తానే పోగుచేసి తన పద్ధతిలో పంచినవీ జీతంలో భాగం. గిరాకీ నేరుగా వడ్డించినవారికి ఇచ్చినవి కావు. వాటి మీద ఆదాయపు పన్ను కట్టవలసిందే; బీమాకు మాత్రం అవి లేనట్టే లెక్క.

వారానికి 30 గంటల పని, 300 డాలర్ల నేరు టిప్పులు అనుకుందాం. ఒట్టావాలో జీతం 528, టిప్పులతో 828. గాటినోలో జీతం 387, టిప్పులతో 687. జబ్బుపడితే, తగినన్ని గంటలు పనిచేసి ఉన్నవారికి ఉద్యోగ బీమా 26 వారాల వరకు సగటు సంపాదనలో 55 శాతం ఇస్తుంది. ఒట్టావాలో అది 528 మీదే లెక్క: సుమారు 290 డాలర్లు. గాటినోలో 687 మీద: సుమారు 378. ఆరోగ్యంగా ఉన్నప్పుడు వారానికి 141 డాలర్లు వెనకబడినవారు, మంచాన పడినప్పుడు 88 డాలర్లు ముందుంటారు.

చదువుకోసం వచ్చి రెస్టారెంటులో కుదిరే యువతీయువకులు మొదట అడిగేది గంటకెంత అనే. టిప్పులు ఏ పద్దులో పడుతున్నాయన్నది కూడా అడగవలసిన ప్రశ్నే. జీతపు చీటీలో అవి కనిపించకపోతే రోజువారీ లెక్క తామే రాసుకోవాలి. కెనడా పింఛను పథకానికి కావాలంటే నేరు టిప్పుల మీద స్వయంగా చందా కట్టవచ్చు. అయితే యజమాని వాటా కూడా తామే భరించాలి. ఉద్యోగ బీమాకు ఆ వెసులుబాటు లేదు. బల్ల మీద మిగిల్చిన నోటు ఆ పూటకు పూర్తిగా వడ్డించినవారిదే. ఒంట్లో బాగాలేని నాటికి అక్కరకొచ్చేది మాత్రం పద్దుకెక్కిన సొమ్మే.