మల్లెపాదుకు మట్టికుండ

నడివేసవిలో బిలాస్‌పూర్ వద్ద అర్పా నది చాలామేర ఇసుకమేటగా మారుతుంది. 1887లో ఏర్పడిన బెంగాల్-నాగపూర్ రైల్వే కొలువులకై వచ్చినవారిలో తెలుగువారూ ఉన్నారు. ఆ క్వార్టర్ల ముంగిట మల్లెపాదు ఎండకుండా నిలవాలంటే ఉపాయమొక్కటి ఉన్నది.

రంగు పూయని మట్టికుండను పాదు ప్రక్కన మెడవరకు పాతి, నీరు నింపి, మూకుడు మూయాలి. మన్ను ఎండినకొద్దీ కుండ గోడల గుండా తేమ ఊరుతుంది. తడిసినప్పుడు ఊట మందగిస్తుంది. మొక్క దాహాన్ని కుండే కొలుస్తుందన్నమాట! చైనాలో క్రీస్తుపూర్వం 1వ శతాబ్దినాటి ఫాన్ షెంగ్‌జీ వ్యవసాయ గ్రంథంలో ఈ పద్ధతి కనిపిస్తుంది. సెలవులకు స్వగ్రామం పోయేవారికి ఇది కొద్దిరోజుల కాపలా.

పాదుపై వరిగడ్డి పరిస్తే ఆవిరయ్యే నీరు తగ్గుతుంది. బియ్యం కడిగిన నీటిని మాత్రం కుండలో పోయరాదు. దాని మడ్డి సూక్ష్మరంధ్రాలను పూడ్చివేస్తుంది. ఆ నీటిని సాయంవేళ నేరుగా పాదులోనే పోయాలి.